వేసవి సెలవుల ప్రశ్నలు: చింతగింజలు, తాటి బుర్రలు, మాయమయ్యే నీడ

ఏప్రిల్ ఆఖరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా, దాదాపు ఏడు వారాలు పిల్లలు ఇంట్లోనే ఉంటారు. డబ్బు పెట్టకుండా వాళ్లను ఎలా ఆడించాలని అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా బాబుకు పదకొండేళ్లు, పాపకు ఏడేళ్లు. రెండు గదుల ఇల్లు. పదకొండింటి నుంచి నాలుగింటి దాకా బయటికి పంపలేం. ఆ అయిదు గంటలూ ఫోనే. క్యారమ్స్ బోర్డు కొంటే నాలుగు రోజులు ఆడి మంచం కింద పడేశారు. ఇంకేం కొనాలి?
– ఒక తల్లి, తెనాలి

ఏమీ కొనకండి. ఇంట్లో ఒక సుద్దముక్క, గుప్పెడు చింతగింజలు ఉంటే చాలు. మీ ఇద్దరికీ సరిగ్గా సరిపోయే ఆట పులిజూదం. ఇందులో ఇద్దరి బలగం ఒకటి కాదు. ఒకరివి మూడు పులులు, ఇంకొకరివి పదిహేను మేకలు. ఎత్తు వేయడం తెలిసిన పెద్దవాణ్ణి మేకల పక్షాన కూర్చోబెడితే, చిన్నదాని చేతిలో పులులు ఉన్నా పోటీ నిలుస్తుంది. నాలుగేళ్ల తేడా ఉన్న తోబుట్టువులు మామూలు ఆటలో పోట్లాడుకునేది చిన్నవాళ్లు ప్రతిసారీ ఓడిపోతారనే. ఆ తగువు ఇక్కడ తక్కువ.

పటం గీయడంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు కాబట్టి నెమ్మదిగా చదవండి. గచ్చు మీద పైన ఒక చుక్క పెట్టండి. అక్కడి నుంచి కిందికి విసనకర్ర విచ్చుకున్నట్టు నాలుగు గీతలు గీయండి. వాటి కింది కొసలు నాలుగింటినీ ఒక అడ్డగీతతో కలపండి. పై చుక్కకూ ఈ అడుగు గీతకూ నడుమ మరో మూడు అడ్డగీతలు గీయాలి. ఇవి నాలుగు వాలు గీతల్నీ దాటి, రెండు పక్కలా జానెడేసి బయటికి రావాలి. ఎడమవైపు బయటికొచ్చిన మూడు కొసలనూ ఒక నిలువు గీతతో, కుడివైపు మూడింటినీ మరో నిలువు గీతతో కలపండి. ఇప్పుడు గీతలు కలిసే చోట్లను లెక్కపెట్టండి. 23 రావాలి. 17 వచ్చాయంటే అడ్డగీతలను వాలు గీతల దగ్గరే ఆపేశారన్నమాట. పక్కలకు లాగండి.

పులులకు మూడు గులకరాళ్లు, మేకలకు పదిహేను చింతగింజలు. ఒక పులి పై చుక్క మీద, మిగతా రెండూ దాని కింది అడ్డగీత మీద నడిమి రెండు చోట్లా కూర్చుంటాయి. మేకల పక్షం ఒక్కో మేకనూ ఖాళీ చోట దింపుతుంది. దింపిన ప్రతిసారీ పులి ఒక అడుగు కదులుతుంది. పదిహేనూ దిగేదాకా మేకలు కదలకూడదు. మేకకు అవతల, అదే గీత మీద, ఖాళీ ఉంటే పులి దాని మీదుగా దూకి చంపుతుంది. మూడు పులులకూ కదిలే దారి లేకుండా కట్టేస్తే మేకల గెలుపు. అయిదు మేకలు చస్తే పులుల గెలుపని మొదటే ఒప్పందం చేసుకోండి. లేకపోతే ఆట సాగి సాగి, ఎవరో ఒకరు గింజలు చెరిపేసి లేచిపోతారు.

మొదటి రెండు మూడు రోజులు మేకలే ఓడుతుంటాయి. కారణం, నడిమధ్య దింపడం. పటంలో పై చుక్క కాక, గీతలు ఆగిపోయే మూలలు ఆరున్నాయి. అడుగు గీతకు రెండు కొసలు, పక్క గళ్లకు నాలుగు మూలలు. అక్కడ కూర్చున్న మేకకు అవతల గీతే ఉండదు కాబట్టి పులి దూకలేదు. మొదట ఆ ఆరూ నింపి, వాటిని అంటిపెట్టుకుని లోపలికి రావాలి. ఈ సంగతి మీరు చెప్పేయకండి. నాలుగు రోజులు ఓడాక పెద్దవాడే కనిపెట్టనివ్వండి. ఆట మీద అసలు ఇష్టం పుట్టేది అప్పుడే.

విసుగొస్తే అష్టాచెమ్మ. అయిదు నిలువు, అయిదు అడ్డం, మొత్తం 25 గళ్లు. నాలుగు వైపులా నడిమి గడిలోనూ, మధ్యనున్న పండు గడిలోనూ అడ్డగుర్తు పెట్టాలి. ఆ గళ్లలో కాయను చంపకూడదు. గవ్వలు లేకపోతే నాలుగు పచ్చి చింతగింజలను తడిపి, గరుకు బండ మీద ఒకవైపు తెల్ల పప్పు కనిపించేదాకా అరగదీయండి. వేయించిన గింజ పగిలిపోతుంది, వద్దు. వేసినప్పుడు ఎన్ని తెలుపులు పైకి పడితే అన్ని గళ్లు. నాలుగూ తెలుపైతే చెమ్మ, నాలుగు. నాలుగూ నలుపైతే అష్ట, ఎనిమిది. ఈ రెండు పందేలకూ మళ్లీ వేసే హక్కు ఉంటుంది. గింజ పదే పదే ఒకే వైపు పడుతుంటే అరగదీత ఎక్కువైనట్టు. అది మార్చి ఇంకో గింజ తీసుకోండి.

ఇంకో మాట. ఆట నేర్పే రోజు మీరు అరగంట పక్కన కూర్చోవాలి. క్యారమ్స్ బోర్డు మంచం కిందికి వెళ్లింది బోర్డు బాగాలేక కాదు. కొట్టడం చేతకాని చిన్నదానికి పక్కన కూర్చుని చూపించేవాళ్లు లేక. ఆదివారం దాన్ని బయటికి తీసి, చిన్నదాన్ని మీ జట్టులో వేసుకుని ఆడి చూడండి.

ప్రశ్న: మనవలకు తాటికాయ బండి చేసిచ్చాను. పది గజాలు నడిచిందో లేదో ఒక చక్రం ఊడిపోయింది. మళ్లీ చేస్తే పుల్ల విరిగింది. లోపం ఎక్కడుంది?
– ఒక తాతయ్య, నల్గొండ జిల్లా

లోపం ఇరుసులో ఉండాలి. ముంజెలు తీసేసిన బుర్రలు రెండు, వీలైనంత ఒకే పరిమాణంలో ఉన్నవి ఎంచుకోండి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే బండి చిన్నదాని వైపు తిరిగిపోతూ ఉంటుంది. ఇరుసు చూపుడువేలంత లావు, అడుగు పొడవు ఉన్న పచ్చి కర్ర కావాలి. వేప, కానుగ ఏదైనా సరే. ఎండుపుల్ల అయితే మొదటి గతుకులోనే విరుగుతుంది. మీకు జరిగింది అదే కావచ్చు.

రెండు కొసలూ పెన్సిల్‌లా చెక్కి, బుర్ర పక్కభాగం నడిమధ్యన గుచ్చండి. ముందు కత్తితో చిల్లు పెట్టకండి. చిల్లు వదులైతే చక్రం కర్రను పట్టదు, కాసేపటికి ఊడుతుంది. కర్రనే తిప్పుతూ, మూడంగుళాలు లోపలికి దిగేలా నెట్టాలి. పీచు కర్రను పట్టేస్తుంది. ఈ బండిలో చక్రాలూ ఇరుసూ కలిసే తిరుగుతాయి. తోలేందుకు పిల్లవాడి ఛాతీ ఎత్తున్న పంగకర్ర ఒకటి కోసి, పంగను ఇరుసు నడుమ ఆనించి నెట్టాలి. పంగ తగిలే చోట ఇరుసు బెరడు ఒలిచి, నాలుగు చుక్కల నూనె రాస్తే కిర్రుమనకుండా పోతుంది.

చక్రం ఎగిరెగిరి పడుతోందంటే గుచ్చింది నడుమ కాదు. తీసి మళ్లీ గుచ్చితే పాత చిల్లు పట్టు వదిలేస్తుంది కాబట్టి ఇంకో బుర్ర తీసుకోండి. ముంజెలమ్మే వాళ్ల దగ్గర బుర్రలు గుట్టగా పడి ఉంటాయి, అడిగితే ఇస్తారు. రెండు మూడు రోజుల్లో ఎండి పగులుతాయి, చక్రాలు మార్చడం కూడా ఆటలో భాగమే. తాటికాయ మరక బట్టలకు పడితే వదలదు. పాత చొక్కా వేసి పంపండి. కత్తి మాత్రం మీ చేతిలోనే ఉండాలి.

ప్రశ్న: సబ్బునీళ్ల బుడగలు ఇంట్లో చేస్తే వెంటనే పగిలిపోతున్నాయి. దుకాణంలో కొన్న సీసావి బాగా వస్తున్నాయి. ఏం కలపాలి?
– కూకట్‌పల్లి, హైదరాబాద్

మూడు కారణాల్లో ఏదో ఒకటి. మొదటిది బోరునీళ్లు. ఆ నీళ్లలోని సున్నం సబ్బును విరిచేస్తుంది. తాగడానికి పట్టుకునే వడపోత నీళ్లు వాడండి. రెండోది స్నానం సబ్బు అరగదీసి కలపడం. గిన్నెలు తోమే లిక్విడ్ కావాలి. మూడోది వేళ. బుడగ అంటే పల్చటి నీటిపొర. మధ్యాహ్నం వడగాలికి ఆ నీరు క్షణంలో ఆరిపోతుంది. ఉదయం ఎనిమిదింటి లోపు ఊదితే అదే నీళ్లతో అంతకు రెండింతలు నిలుస్తాయి.

కొలత: గోరువెచ్చటి నీళ్లు 600 మి.లీ., పంచదార రెండు పెద్ద చెంచాలు. పంచదార పూర్తిగా కరిగాక లిక్విడ్ 100 మి.లీ. పోసి, నురగ రాకుండా మెల్లగా కలపండి. నురగ ఉంటే బుడగ సరిగా సాగదు. రాత్రి కలిపి మూతపెట్టి పొద్దున వాడితే నురగంతా అణిగి ఉంటుంది. పంచదార నీరు ఆరకుండా కొంత పట్టి ఉంచుతుంది. ఎక్కువ వేస్తే చేతులూ నేలా జిగురై చీమలు పడతాయి.

ఊదే రింగును తీగతో చేసి, దాని చుట్టూ నూలుదారం చుట్టండి. ఉత్త తీగకు నీళ్లు నిలవవు. దారం పీల్చుకుని అందిస్తూ ఉంటుంది. మట్టినేల మీదో డాబా మీదో ఆడించండి. టైల్స్ మీద ఈ నీళ్లు పడితే కాలు జారుతుంది.

ప్రశ్న: నాలుగేళ్ల పాప. చింతగింజలు, పప్పుగింజలతో ఆడించమని అందరూ అంటున్నారు.
– అనంతపురం

వద్దు. ఆ వయసు పిల్లలు గింజను ముక్కులోనో చెవిలోనో పెట్టుకుంటారు. అది లోపలి తడికి ఉబ్బి, తీయడానికి ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తుంది. పిండిముద్ద చేసివ్వండి. మైదా రెండు కప్పులు, మెత్తటి ఉప్పు ఒక కప్పు, నూనె రెండు చెంచాలు, నీళ్లు ముప్పావు కప్పు. నీళ్లు ఒక్కసారే పోయకండి, చపాతీ పిండికన్నా కాస్త గట్టిగా రావాలి. సగానికి పసుపు, సగానికి బీట్‌రూట్ రసం కలపండి. రసం కలిపే ముద్దకు నీళ్లు ఆ మేరకు తగ్గించండి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే వారం వస్తుంది. జిగురు తేలితే గుప్పెడు పొడిపిండి చల్లి పిసకండి. అంత ఉప్పు కడుపులోకి పోతే ప్రమాదం, నోట్లో పెట్టుకోకుండా చూడాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతికి వస్తాడు. సైన్సంటే ఇష్టం. కిట్ల ధరలు చూస్తే భయమేస్తోంది. ఇంట్లో ఏదైనా ప్రయోగం చెప్పండి. అగ్గిపెట్టె టెలిఫోన్లు అవీ చేసేశాడు.
– ఒక తండ్రి, విశాఖపట్నం

ఈ సెలవుల్లో ఆకాశమే ఒక ప్రయోగం చేసి చూపిస్తుంది. మన ఊళ్లలో ఏడాదికి రెండు రోజులు మిట్టమధ్యాహ్నం నిలువు వస్తువుకు నీడ ఉండదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మార్చి 21 ప్రాంతంలో భూమధ్యరేఖ నెత్తిన ఉండే సూర్యుడు జూన్ 21 నాటికి కర్కాటక రేఖ దాకా ఉత్తరానికి జరుగుతాడు. మన రెండు రాష్ట్రాలూ ఆ రేఖకు దక్షిణాన ఉన్నాయి కాబట్టి, దారిలో ప్రతి ఊరి మీదుగానూ వెళ్తాడు, తిరుగుప్రయాణంలో మళ్లీ వస్తాడు. రెండోసారి వానాకాలం, మబ్బులు. మొదటిసారి మాత్రం సరిగ్గా సెలవుల్లో.

తిరుపతిలో ఏప్రిల్ 26, 27 ప్రాంతం, మధ్యాహ్నం 12:10కి. విజయవాడలో మే 6, 12:04కి. హైదరాబాద్‌లో మే 9, 12:12కి. మీ విశాఖలో మే 10 ప్రాంతంలో, పన్నెండు కాకముందే, 11:53కి. ఆదిలాబాద్‌లో మే 18 ప్రాంతం. రోజు అటూ ఇటూ కావచ్చు. విశాఖలో పన్నెండు లోపే ఎందుకు, హైదరాబాద్‌లో దాటాక ఎందుకు అని మీ వాణ్ణే అడగండి. దేశమంతటికీ గడియారం ఒకటే, సూర్యుడు మాత్రం తూర్పు ఊళ్ల నెత్తికి ముందు వస్తాడు. ఆ జవాబు అట్లాసు ముందేసుకుంటే వాడికే దొరుకుతుంది.

కావలసింది 30 సెంటీమీటర్ల పీవీసీ పైపు ముక్క, ఒక స్కేలు, ఒక నోటుబుక్కు. గ్లాసు వాడకండి. గ్లాసు మూతి వెడల్పు, అడుగు ఇరుకు. నిలబెడితే ఆ రోజూ నీడ పడుతుంది, బోర్లిస్తే నీడ లేని రోజులు చాలా వస్తాయి. రెండూ తప్పే. పైపు కొస వంకరగా కోసి ఉన్నా తప్పే, గచ్చు మీద నిలబెడితే ఊగకూడదు. డాబా వాననీరు పోవడానికి వాలుగా ఉంటుంది. ఒక పళ్లెంలో నీళ్లు పోసి అంచులు చూస్తే వాలు తెలిసిపోతుంది. పైపు కింద అట్టముక్కలు పెట్టి సరిచేయండి.

రెండు వారాల ముందే మొదలుపెట్టండి. రోజూ అదే నిమిషానికి నీడ పొడవు కొలిచి రాయాలి. మొదట రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. వారం ముందు ఒక సెంటీమీటరు. రోజుకు ఒకటిన్నర మిల్లీమీటరు చొప్పున తగ్గుతూ వచ్చి, ఆ రోజు పైపు లోపలి నేల మీద గుండ్రటి వెలుగు నిండుగా పడుతుంది, బయట నీడ ఉండదు. అక్కడితో ఆపితే సగం ఆటే అయినట్టు. తర్వాత కూడా వారం రోజులు కొలవమనండి. అంతవరకూ ఉత్తరానికి పడిన మధ్యాహ్నపు నీడ, ఆ రోజు దాటాక దక్షిణానికి పడుతుంది. ఎందుకని పెద్దవాళ్లను అడిగినా చాలామంది తడుముకుంటారు. వాడి నోటుబుక్కులో మాత్రం రుజువు ఉంటుంది.

టోపీ, చెప్పులు, అయిదే నిమిషాలు. కళ్లెత్తి సూర్యుణ్ణి చూడకూడదు. మబ్బు పట్టి ఒక రోజు పోతే ఫర్వాలేదు, ముందు రోజుకూ తర్వాతి రోజుకూ నడిమి కొలత వేసుకోవచ్చు.

ప్రశ్న: బెంగళూరు నుంచి మనవరాళ్లు వస్తారు. తెలుగు మాట్లాడతారు, చదవరు. పుస్తకాలు కొనిపెడితే ముట్టరు.
– ఒక అమ్మమ్మ, రాజమహేంద్రవరం

వాళ్లచేత ఒక పత్రిక రాయించండి. నాలుగు ఏ4 కాగితాలను ఒకదాని మీద ఒకటి పేర్చి మధ్యకు మడిస్తే 16 పేజీల పుస్తకం. మడిచినప్పుడే పెన్సిల్‌తో పేజీ అంకెలు వేసేయాలి. విడివిడిగా రాసి తర్వాత పేరిస్తే పేజీలు తారుమారవుతాయి. విప్పిన కాగితంలో పక్కపక్కనున్న రెండు పేజీల మొత్తం ఎప్పుడూ 17 రావాలి. 1 పక్కన 16, 2 పక్కన 15. అదే తనిఖీ.

కుట్టు: మడత మీద మూడు రంధ్రాలు, నడిమిది ఒకటి, దానికి పైనా కిందా రెండేసి అంగుళాల దూరంలో రెండు. సూదిని లోపలి నుంచి నడిమి రంధ్రంలోంచి బయటికి, పై రంధ్రంలోంచి లోపలికి, నడిమిదాన్ని వదిలేసి కింది రంధ్రంలోంచి బయటికి, మళ్లీ నడిమి రంధ్రంలోంచి లోపలికి. దారం కొసలు రెండూ నిలువు కుట్టుకు చెరోపక్కా వచ్చేలా ముడేయండి.

రాయడానికి మీరు చెప్పాలి, వాళ్లు అడగాలి. మీ ఆవకాయ కొలతలు, వీధి పటం, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పే వంశవృక్షం, ఇంటి చుట్టూ వాలే పిట్టల పేర్లు. పేజీకి ఒక పొడుపుకథ. 'కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు' అని మీరు వేసి, విప్పినవాళ్లే ఆ రెండు లైన్లూ రాయాలనండి. (కనురెప్పలు అని చెప్పేయకండి.) మొదటి వారం ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నా ఊరుకోండి, చివరి ప్రతిలో తెలుగులోకి మార్చేటప్పుడు గుణింతాలు వాటంతటవే పట్టుబడతాయి. తప్పులు ఎర్రసిరాతో దిద్దకండి. పక్క కాగితం మీద సరైన మాట రాసిస్తే వాళ్లే చూసి మార్చుకుంటారు.

ప్రశ్న: సాయంత్రం వీధిలో పదిమంది దాకా పోగవుతారు. అందరికీ క్రికెట్టే. చిన్నవాళ్లకు బ్యాటు రాదు, ఏడుస్తూ వస్తారు.
– ఖమ్మం

ఏడుపెంకులాట పెట్టించండి. బ్యాటు కోసం వంతు చూసే పని లేదు, పదిమందీ ఒకేసారి పరుగెత్తుతారు. అరచేతిలో పట్టే ఏడు చదునైన పెంకులు పెద్దది కింద, చిన్నది పైన పేర్చాలి. గ్రానైటు ముక్కలు వద్దు, అంచు కాలిని కోస్తుంది. ఆరేడు అడుగుల నుంచి బంతితో కొట్టి పడగొట్టిన జట్టు, అవతలివాళ్లు బంతితో తమను కొట్టేలోపు మళ్లీ పేర్చాలి. తల మీద కొడితే కొట్టిన జట్టుకే ఔటు అని నియమం పెట్టండి.

బంతి కూడా ఇంట్లోనే అవుతుంది. న్యూస్‌పేపరు రెండు షీట్లు తడిపి గట్టిగా ఉండచుట్టి, రెండు రోజులు నీడన ఆరబెట్టండి. పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబు అడిగి, సెంటీమీటరు వెడల్పు రింగులుగా కత్తిరించి, ఉండ కనిపించకుండా అన్ని దిక్కులా తొడగండి. నలభై రింగులన్నా పడతాయి. కాగితం ఆరకముందే తొడిగితే లోపల కుళ్లి వాసన వస్తుంది, బంతీ ఎగరదు.

ప్రశ్న: కాలవలో ఈత నేర్చుకుంటామని పిల్లలు పోరుతున్నారు. ఈ నెలల్లో నీళ్లు తక్కువే కదా, పంపొచ్చా?
– పశ్చిమగోదావరి జిల్లా

ఒంటరిగా పంపకండి, తోటి పిల్లలతోనూ పంపకండి. కాలవ కట్టేసినప్పుడు పైకి నడుములోతు కనిపిస్తుంది గానీ, పూడిక తీసిన గోతులూ మట్టి తవ్విన గుంటలూ అడుగున ఉంటాయి. ఒక్క అడుగులో నేల అందకుండా పోతుంది. బురదలో కాలు దిగితే ఈత వచ్చినవాళ్లకూ లాక్కోవడం కష్టం. ఈత బాగా వచ్చిన పెద్దమనిషి నీళ్లలోనే, చెయ్యి అందేంత దగ్గరగా ఉంటేనే దించాలి. ఒక మనిషికి ఒక్క పిల్లవాడే.

ఎవరైనా మునుగుతుంటే నీళ్లలోకి దూకొద్దని పిల్లలకు ఇప్పుడే చెప్పండి. ఒకరి కోసం ఇంకొకరు దిగి ఇద్దరూ పోతున్నారు. గట్టిగా అరవాలి. ఒడ్డున పడుకుని కర్రో, చీరో, తువ్వాలో అందించాలి. మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా విసిరితే అది పట్టుకుని తేలుతారు. ఫోను ఉన్నవాళ్లు 108కి చేయాలి.